ఒకే రింగు, ఇద్దరు పొడగరులు: బాస్కెట్‌బాల్ పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయాన్ని నాలుగు వైపుల నుంచి అడిగాయి. ఒకటి జట్టును నడిపే వారి నుంచి, ఒకటి బంతి అందించే కుర్రవాడి నుంచి, ఒకటి ఒక క్రీడాకారిణి తల్లి నుంచి, మరొకటి సాధనకు తగిన వసతి లేని శిక్షకుని నుంచి వచ్చాయి. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నేను గుంటూరులోని ఒక జూనియర్ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌ను. ఈ ఏడాది మా బాలుర జట్టులోకి ఇద్దరు పొడగరులు వచ్చారు. ఒకరు 6 అడుగుల 4 అంగుళాలు, మరొకరు 6 అడుగుల 3 అంగుళాలు. ఇద్దరూ మొదటి నుంచి సెంటర్‌గానే, అంటే రింగు దగ్గర ఆడే స్థానంలోనే ఆడినవారు. విడివిడిగా దింపితే ఇద్దరూ బాగా ఆడతారు. కలిపి దింపితే మాత్రం మాకు బాస్కెట్లు తగ్గిపోతున్నాయి. ఇద్దరూ రింగు కిందికి చేరి బంతి అడుగుతారు, రింగు ముందు గీతల మధ్య చోటులో మూడు సెకన్లు దాటి నిలబడ్డారని విజిల్ పదేపదే పడుతుంది, బయటి నుంచి బంతి నడిపించే గార్డులు లోపలికి దూసుకుపోవడానికి సందు దొరకదు. ఒకరిని బెంచీ మీద కూర్చోబెట్టమని తోటివారు అంటున్నారు కానీ నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
ఒక ఫిజికల్ డైరెక్టర్, గుంటూరు

జవాబు: కూర్చోబెట్టకండి. మీరు రాసిన ఇబ్బందులన్నింటికీ మూలం ఒక్కటే. మీ కుర్రవాళ్లిద్దరూ ఒకరికొకరు ఎంత దగ్గరగా నిలబడుతున్నారంటే, ఎదుటి జట్టులో ఒక్క డిఫెండర్ ఇద్దరినీ కాచుకోగలుగుతున్నాడు. ఇద్దరు పొడగరులున్న ఏ జట్టు ఆటను చూసినా నేను మొట్టమొదట గమనించేది దీన్నే. బంతి ఎక్కడ ఉన్నా సరే, వాళ్లిద్దరి నడుమ నిలబడిన మనిషి చెరొక అడుగు వేసి ఇద్దరినీ అందుకోగలిగితే, ఆ జట్టు తన రెండో పొడగరిని తానే ఎదుటివారికి అప్పగించినట్టు లెక్క. ఇక మీదట నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క డిఫెండర్‌ను ఇద్దరిలో ఎవరో ఒకరిని వదులుకోక తప్పని స్థితిలోకి నెట్టడం గురించే.

ముందుగా చోటు సంగతి చూద్దాం. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం రింగు ముందున్న ఆ గీతల మధ్య చోటు, అంటే పెయింట్, వెడల్పు 4.9 మీటర్లు, పొడవు 5.8 మీటర్లు. అంటే సుమారుగా 16 అడుగుల వెడల్పు, 19 అడుగుల పొడవు ఉన్న ఒక హాలు అనుకోండి. అందులో మీ ఇద్దరు నిలబడితే వాళ్లను కాసే ఇద్దరు వెంట వస్తారు, సాయానికి మూడోవాడు లోపలికి జరుగుతాడు. అయిదుగురు నిండిపోయిన ఆ హాలులోకి మీ గార్డు బంతి కొట్టుకుంటూ ఎలా వెళ్లగలడు? ఇక్కడ చాలామంది మరచిపోయే మాట మరొకటి ఉంది. టీవీలో చూసే అమెరికా లీగ్ ఎన్‌బీఏలో 2001-02 సీజన్ నుంచి డిఫెండర్‌కు కూడా మూడు సెకన్ల నిబంధన ఉంది, తన మనిషిని దగ్గరగా కాయకుండా ఊరికే పెయింట్‌లో నిలబడిపోవడానికి వీలులేదు. మన పోటీలు జరిగే అంతర్జాతీయ నిబంధనలలో ఆ కట్టడి లేదు. ఎదుటి జట్టు పొడగరి ఆట మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా రింగు కిందే ఉండిపోయినా రిఫరీ విజిల్ వేయడు. అందువల్ల అక్కడి ఆటలో కనిపించినంత ఖాళీ ఇక్కడ దానంతటదే పుట్టదు, మనమే కల్పించుకోవాలి. మీ కోర్టు మీద 2010కి ముందున్న ట్రపీజియం ఆకారపు గీతలే ఇంకా ఉంటే దయచేసి వాటిని చెరిపించి దీర్ఘచతురస్రం గీయించండి. సాధనలో ఒకచోట, పోటీలో మరొకచోట నిలబడాల్సి వస్తే పిల్లల కాళ్లకు అలవాటు కుదరదు.

నేను శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టిన రోజుల్లో ఇద్దరు పొడగరులను పెయింట్‌కు చెరోవైపున, రింగు వెనుక హద్దుగీత అయిన బేస్‌లైన్ దగ్గర నిలబెట్టాను. కుడివైపు నుంచి బంతి వస్తే కుడివాడికి, ఎడమవైపు నుంచి వస్తే ఎడమవాడికి అని నా లెక్క. కాగితం మీద అది బాగానే కనిపించింది. పోటీలోకి వచ్చేసరికి, బంతి లేని వైపున ఉన్న నా రెండోవాడిని కాయాల్సిన డిఫెండర్ ఒక్క అడుగు పక్కకు వేసి మొదటివాడి మీద పడ్డాడు. మ్యాచ్ పొడుగునా అదే జరిగింది. మంచి కుర్రవాళ్లున్న జట్టు నా అమరిక వల్ల ఓడిందన్న బాధ నన్ను చాలాకాలం వదల్లేదు. ఇద్దరినీ ఒకే అడ్డగీత మీద నిలబెట్టకూడదని ఆ రోజే నాకు తెలిసివచ్చింది.

కాబట్టి ఒకరు కింద, ఒకరు పైన ఉండాలి. ఆటగాళ్లు దీన్ని హై-లో అంటారు. బంతి కుడి వింగ్‌లో, అంటే కోర్టు కుడి పక్క భాగంలో ఉంటే, కింది పొడగరి కుడివైపున పెయింట్ గీతను ఆనుకుని బయట నిలబడతాడు. పై పొడగరి ఫ్రీ త్రో గీతకు ఎడమ చివర, ఎల్బో అనే మూలలో ఉంటాడు. ఎడమ చివరే ఎందుకంటే, కుడి చివర ఉంటే ఇద్దరూ ఒకే వైపున నిలువుగా ఒక వరుసలోకి వచ్చేస్తారు, మళ్లీ నడిమి డిఫెండర్ పని తేలికవుతుంది. కర్ణం మీద నిలబడితే ఇద్దరి మధ్య దూరం ఎక్కువవుతుంది, పైవాడికి కింద జరుగుతున్నదంతా కనిపిస్తుంది. బంతి ఎడమ వింగ్‌కు మారిందా, కిందివాడు పెయింట్ గుండా ఎడమవైపుకు దాటాలి, పైవాడు కుడి ఎల్బోకు జరగాలి. ఇద్దరూ బంతితోపాటే కదలాలి. బంతి చేరాక కదిలితే అప్పటికే ఆలస్యమైనట్టు.

ఈ అమరికకు ప్రాణం ఒక పొడగరి నుంచి మరో పొడగరికి వెళ్లే పాస్. సాధారణంగా ఎదుటి డిఫెండర్ మీ కిందివాడికి బంతి అందకుండా వాడి ముందుకు వచ్చి నిలబడతాడు. అప్పుడు వింగ్‌లో ఉన్నవాడు బలవంతంగా బంతి విసిరితే అది వాళ్ల చేతిలో పడుతుంది. విసరకుండా బంతిని ఎల్బోలో ఉన్న పైవాడికి ఇవ్వాలి. ఆ బంతి ఇంకా గాలిలో ఉండగానే కిందివాడు తన వెనుక కాలును డిఫెండర్ కాళ్లకు అడ్డంగా వేసి, వాడిని వీపు వెనుక నిలిపి, రింగు వైపున్న చేతిని పైకెత్తి చూపాలి. దీన్నే సీల్ అంటారు. ఇందులో చేతితో పట్టుకోవడం కానీ మోచేయి చాచడం కానీ ఉండకూడదు, ఉంటే ఫౌల్. కాలు, నడుము, వీపు మాత్రమే పనిచేయాలి. ముందుకు వచ్చి కాసిన డిఫెండర్ ఇప్పుడు వెనకబడిపోయాడు, రింగుకూ మీవాడికీ మధ్య ఎవరూ లేరు. పైవాడు అందుకుంటూనే రింగు వైపు తిరిగి, తల పైనుంచి బంతిని మెత్తగా వేస్తే చాలు. ఆ పాస్ ఒక సెకను ఆలస్యమైనా సీల్ జారిపోతుంది. కనుక పైవాడు బంతి అందుకున్న వెంటనే డ్రిబుల్ చేసే అలవాటును మీరు గట్టిగా మాన్పించాలి.

ఇక ఎవరిని పైన, ఎవరిని కింద ఉంచాలన్నది అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం. అంగుళం తేడా చూసి పొడుగువాడిని కిందికి, పొట్టివాడిని పైకి పంపడం మన దగ్గర ఆనవాయితీ. నా దృష్టిలో అది సరైన కొలమానం కాదు. పైవాడికి ఉండాల్సినవి మంచి చూపు, మెత్తని చేయి, ఫ్రీ త్రో గీత దగ్గర నుంచి వేసే నమ్మకమైన షాట్. రెండు వారాలపాటు ఇద్దరి చేతా ఎల్బో నుంచి రోజుకు 50 షాట్లు వేయించి పుస్తకంలో రాసుకోండి, పాస్‌లలో ఎవరెన్ని పోగొట్టుకున్నారో కూడా రాసుకోండి. ఆ పుస్తకమే మీకు సమాధానం చెబుతుంది.

అయితే పోటీ రోజున ఆ లెక్కను పక్కన పెట్టాల్సిన సందర్భం ఒకటి వస్తుంది. మన జిల్లా స్థాయి జట్లలో నిజమైన పొడగరి సాధారణంగా ఒక్కడే ఉంటాడు. మీకు ఇద్దరున్నారు కనుక, వాళ్లలో ఒకరిని వాళ్ల పొడగరి కాస్తాడు, రెండోవాడిని తలలో సగం తక్కువ ఉన్న ఫార్వర్డ్ ఎవరో కాయాల్సి వస్తుంది. ఇద్దరు పొడగరులు ఉండటంలో అసలు లాభం ఇక్కడే ఉంది, దాన్ని చాలా జట్లు చేజార్చుకుంటాయి. మొదటి రెండు మూడు నిమిషాల్లో వాళ్ల పొడగరి ఎవరిని కాస్తున్నాడో చూసి, అతను కాస్తున్నవాడిని ఎల్బోకు పంపండి. వాళ్ల పొడగరి వెంట వస్తే రింగు కాపలా లేకుండా పోతుంది, అప్పుడు కింద మీ రెండోవాడి ముందు పొట్టి డిఫెండర్ మాత్రమే మిగులుతాడు. వెంట రాకుండా రింగు కిందే ఉండిపోతే ఎల్బోలో మీవాడికి అడ్డు లేని షాట్ దొరుకుతుంది. వాటిలో రెండు పడితే ఎదుటి శిక్షకుడే తన పొడగరిని పైకి పొమ్మని కేకవేస్తాడు. ఇందుకోసమైనా ఇద్దరికీ రెండు చోట్లా ఆడటం వచ్చి ఉండాలి.

ఎదుటివారు 2-3 జోన్ వేస్తే, అంటే మనుషులను కాకుండా చోట్లను ముందు ఇద్దరు, వెనుక ముగ్గురుగా కాస్తే, సూత్రం అదే, చోట్లు కొంచెం మారతాయి. పైవాడు ఫ్రీ త్రో గీత నడుమకు రావాలి, కిందివాడు బేస్‌లైన్ దగ్గర, జోన్ వెనుక వరుస కళ్లకు కనబడకుండా నిలబడాలి. బంతి నడుమకు చేరగానే వెనుక వరుసలోని మధ్య డిఫెండర్ ముందుకు రావాలా, వెనకే ఉండాలా అన్న సందిగ్ధంలో పడతాడు. వస్తే కిందివాడికి పాస్, రాకపోతే షాట్.

మీ గార్డులు దూసుకుపోలేకపోవడం గురించి కూడా చెప్పాలి. గార్డు నడుమ నుంచి రింగు వైపు వస్తుంటే, కిందివాడు పెయింట్ నుంచి రెండడుగులు బయటికి, బేస్‌లైన్ వెంట జరగాలి. వాడిని కాసేవాడు గార్డు మీదికి పోయాడంటే మీవాడి చేతికి నేల మీద కొట్టిన పాస్ అందుతుంది. గార్డు బేస్‌లైన్ వైపు నుంచి వస్తే, కిందివాడు అదే వైపున ఉంటే దారికి అడ్డమవుతాడు కనుక అవతలి వైపుకు దాటాలి, పైవాడు ఫ్రీ త్రో గీత నుంచి రింగు ముందుకు దిగాలి. ఎదురుదాడిలో పరుగెత్తి వచ్చేటప్పుడు మాత్రం ఇవేవీ ఆలోచించే వ్యవధి ఉండదు. అప్పుడు ముందు చేరినవాడు కిందికి, వెనుక వచ్చినవాడు పైకి. అంతే.

ఈ ఆలోచన పెద్ద స్థాయిలో పండిన సందర్భాలున్నాయి. ఎన్‌బీఏ జట్టు హ్యూస్టన్ రాకెట్స్ 1983లో 7 అడుగుల 4 అంగుళాల రాల్ఫ్ శాంప్సన్‌ను, 1984లో హకీమ్ ఒలాజువాన్‌ను తీసుకుంది. రింగుకు వీపు పెట్టి ఆడటంలో ఒలాజువాన్ దిట్ట, శాంప్సన్‌కు అంత ఎత్తున్నా రింగు వైపు ముఖం పెట్టి దూరం నుంచి ఆడే నేర్పు ఉండేది. 1986లో వాళ్లు లాస్ ఏంజిల్స్ లేకర్స్‌ను ఓడించి ఫైనల్‌కు చేరి, అక్కడ బోస్టన్ చేతిలో 4-2తో ఓడిపోయారు. మీ కుర్రవాళ్లకు నేను ప్రత్యేకంగా చూపించమనేది మాత్రం మెంఫిస్ జట్టు ఆట. అక్కడ మార్క్ గసోల్ ఎల్బోలో నిలబడి పాస్ వేస్తుంటే, ఎడమచేతివాటం జాక్ రాండాల్ఫ్ రింగు కింద చోటు పట్టేవాడు. ఇద్దరిలో ఎవరూ గాలిలోకి ఎగిరి ఆడే రకం కాదు. నిలబడే చోటు, కాలు వేసే తీరు, పాస్ వేసే క్షణం, వీటితోనే ఆ జట్టు 2013లో వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్‌కు చేరింది. మీ కుర్రవాళ్లు అనుకరించగలిగిన ఆట అది.

ప్రశ్న: సార్, నేను మా క్లబ్ జట్టులో పాయింట్ గార్డ్‌ను, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా జట్టులో ఇద్దరు పొడుగు అన్నయ్యలు ఉన్నారు. ఒకరికి బంతి ఇస్తే రెండో ఆయనకు కోపం వస్తోంది. లోపలికి వేసిన పాస్‌లు కూడా తరచూ పోతున్నాయి, అప్పుడు ఇద్దరూ నన్నే అంటున్నారు. తప్పు నాదేనా?
ఒక గార్డు, పటమట, విజయవాడ

జవాబు: తమ్ముడూ, సగం తప్పు నీది, సగం వాళ్లది. నీ సగం ముందు చెబుతాను.

లోపలికి పాస్ వేయడానికి నువ్వు నిలబడుతున్న చోటు ఏదో ఒకసారి గమనించు. చాలామంది గార్డులు రింగుకు ఎదురుగా, కోర్టు నడుమ నుంచి కింది పొడగరికి బంతి వేయబోతారు. అక్కడి నుంచి చూస్తే డిఫెండర్ సరిగ్గా బంతి దారిలోనే ఉంటాడు. ఫ్రీ త్రో గీతను రెండు వైపులా పొడిగించినట్టు ఊహించుకుని, ఆ ఊహాగీతకు కొంచెం కిందికి, వింగ్‌లోకి డ్రిబుల్ చేసుకుంటూ దిగు. అక్కడ పాస్‌కు దారి మారుతుంది, డిఫెండర్ ఏదో ఒక పక్కకు జరగక తప్పదు. వాడు బేస్‌లైన్ వైపు జరిగితే నడుమ వైపు వేయి, నడుమ వైపు జరిగితే బేస్‌లైన్ వైపు వేయి. ఎప్పుడూ డిఫెండర్‌కు దూరంగా ఉన్న చేతికే బంతి చేరాలి. పైకి వేస్తున్నట్టు చూపి కిందికి కొట్టడం, కిందికి చూపి పైకి వేయడం, ఈ రెండూ నీ చేతికి బాగా అలవడాలి. నిన్ను కాసేవాడి చేతులు ఎటు ఉంటే పాస్ దానికి వ్యతిరేకంగా పోవాలి.

పాస్ వేశాక అక్కడే నిలబడి చూడకు. నువ్వు కదలకపోతే నిన్ను కాసేవాడు వెనక్కి తిరిగి పొడగరి చేతిలోని బంతిని కొట్టేస్తాడు, నువ్వు బాగా వేసిన పాస్ కూడా పోయినట్టే కనిపిస్తుంది. రింగు వైపు దూసుకెళ్లు, లేదా మూడు పాయింట్ల గీత వెంట మూలకు జరుగు. ఆ గీత మన కోర్టుల్లో 6.75 మీటర్ల దూరంలో, మూలల్లో 6.60 మీటర్ల దూరంలో ఉంటుంది. అంత దూరంలో నువ్వు షాట్‌కు సిద్ధంగా ఉంటే నీ డిఫెండర్ లోపలికి సాయం పోవడానికి వెనకాడతాడు. లోపల ఇద్దరు పొడగరులు ఆడాలంటే బయట ముగ్గురూ ఇంత ఎడంగా ఉండాల్సిందే. నీకు షాట్ లేదని తెలిస్తే నీ డిఫెండర్ నిన్ను వదిలేసి నేరుగా పెయింట్‌లోకి పోతాడు. అప్పుడు అన్నయ్యలిద్దరూ ఎంత బాగా నిలబడినా ఉపయోగం ఉండదు. కాబట్టి సాయంత్రం అందరూ వెళ్లాక మూలల నుంచి షాట్లు వేసుకోవడం కూడా పొడగరుల ఆటకు నువ్వు చేసే సాయమే.

ఇక కోపం సంగతి. కింద ఉన్న అన్నయ్యకు దారి మూసి ఉంటే పైన ఉన్న అన్నయ్యకు ఇవ్వాలని, అక్కడి నుంచి కిందికి పోతుందని జట్టంతా ముందే ఒప్పుకుని ఉండాలి. ఆ ఒప్పందం ఉంటే నువ్వు ఒకరికి ఇచ్చి మరొకరిని కాదన్నట్టు ఉండదు, ఇద్దరికీ కలిపి ఇచ్చినట్టే అవుతుంది. ఆ మాట ఆటలో కాకుండా ఆటకు ముందు, మీ కోచ్‌గారి ఎదుట అడుగు. చేయి ఎత్తి చోటు చూపనివారికి పాస్ వేయనని కూడా మర్యాదగా చెప్పు. వాళ్ల సగం తప్పు ఏమిటంటే, కదలకుండా నిలబడి బంతి అడగడం.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అమ్మాయి 5 అడుగుల 11 అంగుళాలు, స్కూలు జట్టులో మూడేళ్లుగా సెంటర్. ఈ ఏడాది అంతకన్నా పొడవైన అమ్మాయి ఒకరు చేరింది. అప్పటి నుంచి మా అమ్మాయిని రింగు దగ్గర నుంచి తీసి ఫ్రీ త్రో గీత దగ్గర నిలబెడుతున్నారు. పాయింట్లు తగ్గాయి, ఇంటికొచ్చి ఏడుస్తోంది. ఇన్నాళ్లు పడిన కష్టానికి ఇదా ఫలితం అని నాకూ బాధగా ఉంది. కోచ్‌తో మాట్లాడమంటారా?
ఒక తల్లి, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. మూడేళ్లు తనదనుకున్న చోటును మరొకరికి ఇవ్వడం ఏ వయసులోనైనా కష్టమే, పదిహేనేళ్ల పిల్లకు మరీ కష్టం. మాట్లాడండి, కానీ ఫిర్యాదుగా కాకుండా, కొత్త చోటులో తన నుంచి ఏమి ఆశిస్తున్నారో అడిగి తెలుసుకోవడానికి మాట్లాడండి. ఏ కారణమూ చెప్పకుండా పిల్లను పక్కకు జరిపి ఉంటే అది కోచ్ చేసిన పొరపాటే, ఆ మాట మీరు నెమ్మదిగా చెప్పవచ్చు.

పై చోటును కోచ్ నిజంగా ఉపయోగించుకునే ఉద్దేశంతో ఇచ్చి ఉంటే, అది జట్టులో ఎక్కువ నమ్మకం ఉన్న మనిషికి ఇచ్చే చోటు. అక్కడ నిలబడిన అమ్మాయి బంతి అందుకున్న మరుక్షణం షాటా, పాసా, డ్రిబులా అని తేల్చుకోవాలి. మూడేళ్లు రింగు కింద ఆడిన పిల్లకు, కిందనున్న అమ్మాయి ఎప్పుడు సీల్ చేస్తుందో, బంతి ఎక్కడ కావాలో ఒంటికి తెలుసు. కొత్తగా వచ్చినవారికి ఆ తెలివిడి ఉండదు.

మీ అమ్మాయికి డేవిడ్ రాబిన్సన్ సంగతి చెప్పండి. 1989 నుంచి శాన్ ఆంటోనియో స్పర్స్‌కు ఆడిన ఆయన 1995లో ఎన్‌బీఏ అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యారు. 1997లో అదే జట్టులోకి టిమ్ డంకన్ వచ్చాడు. రాబిన్సన్ తన ఆటను తగ్గించుకుని, కొత్తవాడు ఆటకు కేంద్రం కావడానికి చోటిచ్చారు. జట్టు 1999లో తొలిసారి ఛాంపియన్ అయింది, 2003లో రాబిన్సన్ ఆఖరి సీజన్‌లో మళ్లీ గెలిచింది. డంకన్ రాకముందు ఆయనకు ఒక్క టైటిల్ కూడా లేదు.

ఒక్క విషయంలో మాత్రం మీరు గట్టిగా అడగాలి. పైకి పంపిన పిల్లకు ఎల్బో నుంచి షాట్, పాస్ నేర్పిస్తున్నారా? నేర్పకుండా ఊరికే నిలబెట్టారంటే, రెండో అమ్మాయికి అడ్డు రాకుండా పక్కకు తప్పించారనే అర్థం, అప్పుడు మీ బాధ న్యాయమైనదే. పాయింట్ల పట్టికతోపాటు, తను వేసిన ఎన్ని పాస్‌ల మీద బాస్కెట్ పడిందో కూడా రాసిపెట్టమని అమ్మాయికి చెప్పండి. రెండు నెలల తరువాత ఆ పుస్తకం తీసుకుని కోచ్ దగ్గరకు తనే వెళ్లగలుగుతుంది.

ప్రశ్న: మాకున్నది ఒకే సిమెంటు కోర్టు, అందులో ఒక రింగు వంగిపోయింది. వేసవిలో సాయంత్రం ఎండ తగ్గాక చీకటిపడేలోగా దొరికేది గంటే. పాతికమంది పిల్లలు. ఇందులో ఇద్దరు పొడగరులకు కలిసి ఆడటం నేర్పడం సాధ్యమేనా?
ఒక శిక్షకుడు, గుంటూరు

జవాబు: సాధ్యమే, మొత్తం జట్టు అక్కర్లేదు. ఆ గంటలో పదిహేను నిమిషాలు, నలుగురు పిల్లలు, మంచి రింగు ఒక్కటి చాలు. రింగు వంగిన వైపు పెయింట్‌లో మిగిలినవాళ్లు పాస్‌లు, కాళ్ల కదలికలు సాధన చేసుకుంటారు, వాటికి రింగుతో పనిలేదు.

మీ ఇద్దరు పొడగరుల మీద ఇద్దరు డిఫెండర్లను పెట్టండి, మీరు వింగ్‌లో బంతి పట్టుకుని నిలబడండి. నియమాలు మూడు: బాస్కెట్‌కు ముందు ఒక పొడగరి నుంచి మరో పొడగరికి కనీసం ఒక పాస్ పడాలి, పైవాడికి ఒక్క డ్రిబుల్ మాత్రమే అనుమతి, పెయింట్‌లో మూడు సెకన్లు దాటితే బంతి అవతలివారిది. మొదటి వారం డిఫెండర్లను చేతులు వెనక్కి కట్టుకుని కాయమనండి, పొడగరులకు కాళ్ల పని, చూపు అలవడతాయి. రెండో వారం చేతులు వదిలేయండి. మూడో వారం మూడో డిఫెండర్‌ను తెచ్చి ఇద్దరి నడుమ నిలబెట్టి, ఎవరిని కావాలంటే వాళ్లను కాయమనండి. మొదట్లో వాడు ఇద్దరినీ ఆపేస్తాడు. మీవాళ్లు ఎడం పెంచుకుంటూ పోయిన కొద్దీ వాడు ఎవరిని వదలాలో తేల్చుకోలేని క్షణాలు వస్తాయి, వాటిని అక్కడికక్కడే ఆట ఆపి చూపించండి.

రీబౌండ్ కూడా అందులోనే కలపండి. ఒక మూల నుంచి వేసిన షాట్ తప్పితే బంతి ఎక్కువగా అవతలి వైపుకు పడుతుంది కనుక, కిందివాడు రింగు ముందు, పైవాడు షాట్ వేసిన వైపుకు ఎదురు వైపున ఉండేలా అలవాటు చేయండి. బంతి రింగుకు తగిలి మళ్లీ మీ చేతికే వస్తే షాట్ వేయడానికి ఉన్న గడువును లెక్కించే షాట్ గడియారం 24కు కాకుండా 14 సెకన్లకే తిరిగి మొదలవుతుంది. కనుక రీబౌండ్ పట్టినవాడు తొందరపడి జనం మధ్యలోంచి షాట్ వేయకుండా ముందు రెండో పొడగరి వైపు చూడాలి. అతను రింగుకు అవతల ఖాళీగా ఉంటే బంతి అతనికి, లేకపోతే బయట గార్డుకు.

సిమెంటు వేడికి పిల్లల అరికాళ్లు, మోకాళ్లు త్వరగా అలసిపోతాయి. ఎగిరే సాధన మొదటి పావుగంటలోనే ముగించి, నిలబడి చేసే పాస్‌లను చివరికి ఉంచండి. నీళ్ల కుండను కోర్టు అంచునే పెట్టించండి.